కార్డుల మీద 2 లక్షల బాకీ, పక్కన చీటీ నడుస్తోంది: ముందు ఏం చెయ్యాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. మీది గుంటూరు, జీతం చేతికి 46,000, ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. రెండు క్రెడిట్ కార్డుల మీద ఒకదానికి 1,30,000, ఇంకోదానికి 78,000, మొత్తం 2,08,000 బాకీ. పద్నాలుగు నెలలుగా మినిమమ్ డ్యూ ఒక్కసారి కూడా తప్పలేదు, లక్షా నలభై వేల దాకా కట్టారు, అయినా బాకీ పెరిగింది. బ్యాంకుతో తక్కువకి సెటిల్‌మెంట్ చేసుకోవాలా, పర్సనల్ లోన్ పెట్టాలా, ఇంట్లో బంగారం పెట్టాలా, ఇంటి ఖర్చు ఎక్కడ తగ్గించాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. సెటిల్‌మెంట్ వద్దు. పర్సనల్ లోన్ ఇప్పుడు వద్దు. నెలకి 5,000 కడుతున్నానని ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ 2 లక్షల చీటీని వచ్చే పాటలో పాడుకోండి. తక్కువ పడిన నలభై యాభై వేలకి మాత్రమే బంగారం పెట్టండి. రెండు కార్డులూ ఒకే నెలలో సున్నా చెయ్యండి. ఎందుకో, ఎక్కడ జాగ్రత్త పడాలో కింద రాస్తున్నాను. నేను గుంటూరు, విజయవాడ బ్రాంచీల్లో 27 ఏళ్ళు బ్యాంకు ఉద్యోగం చేశాను, అందులో ఎక్కువ కాలం అప్పుల సెక్షన్‌లోనే. రిటైరయ్యాక కూడా తెలిసినవాళ్ళు స్టేట్‌మెంట్లు పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉంటారు. అందుకని ఇవి పుస్తకంలో చదివిన మాటలు కావు.

మన వైపు వడ్డీని ఎవరూ శాతాల్లో మాట్లాడుకోరు కదా. రూపాయి వడ్డీ, రూపాయిన్నర, రెండు రూపాయలు అంటాం. నూటికి నెలకి ఎంత అనేదే లెక్క. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటే ఆ గుమ్మం దిగి వచ్చేస్తాం, వాడి గురించి నలుగురికీ చెబుతాం కూడా. ఇప్పుడు మీ కార్డు స్టేట్‌మెంట్ తీసి చిన్న అక్షరాల్లో ఉన్న చోట చూడండి. నెలకి 3.5 శాతం అనో 3.75 శాతం అనో ఉంటుంది. ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్‌టీ. 3.5కి జీఎస్‌టీ కలిపితే 4.13. అంటే మీరు పద్నాలుగు నెలలుగా నాలుగు రూపాయల పైచిలుకు వడ్డీకి అప్పు మోస్తున్నారు. ఇంటికొచ్చి అడిగేవాడు లేడు, ఫోన్‌లో నొక్కితే అయిపోతుంది. అందుకే దాని బరువు తెలియదు.

మీ అంకెలతోనే చూద్దాం. 2,08,000కి నెలకి 3.5 శాతం అంటే వడ్డీ 7,280. జీఎస్‌టీ 1,310. రెండూ కలిపి 8,590. మినిమమ్ డ్యూ చాలా కార్డులకి బాకీలో 5 శాతం దగ్గర ఉంటుంది, మీది 10,400 అన్నారు, సరిపోయింది. ఆ 10,400లో 8,590 వడ్డీకీ పన్నుకీ పోతే అసలుకి జమ అయింది 1,810. అదే నెల మీరు సరుకులకీ పెట్రోలుకీ అదే కార్డు మీద నాలుగైదు వేలు గీకుతున్నారు. 1,810 తగ్గి 4,900 పెరిగితే బాకీ ఏమవుతుంది? మీరు ఎక్కడా తప్పు కట్టలేదు. మినిమమ్ డ్యూ అనేది ఆలస్య రుసుము పడకుండా, మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌లో ఎగవేత అని పడకుండా కాపాడుతుంది. అప్పు తీర్చడానికి పెట్టిన మొత్తం కాదది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. నెల బాకీ మొత్తం కట్టేవాళ్ళకే ఆ నలభై అయిదు, యాభై రోజుల వడ్డీ లేని గడువు. పాత బాకీ కొంత మిగిలి ఉంటే, నిన్న కొన్న పాల ప్యాకెట్‌కి కూడా నిన్నటి నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి మీరు కార్డు మీద తెస్తున్న సరుకులు కొట్లో రేటుకి రావట్లేదు, దాని మీద నెలకి నాలుగు శాతం చొప్పున పెరుగుతూ వస్తున్నాయి.

నా సంగతి కూడా చెప్తాను. ఇది తెలివితక్కువతనం అని మీరు మిమ్మల్ని తిట్టుకుంటున్నట్టు రాశారు, అందుకు. 2011లో మా అమ్మాయి ఇంటర్‌లో చేరినప్పుడు 45,000 ఫీజు కార్డు మీద కట్టాను. ఏడు నెలలు మినిమమే కట్టుకుంటూ పోయాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఏడు స్టేట్‌మెంట్లూ మంచం మీద వరసగా పరిచి, వెనకవైపు పెన్సిల్‌తో లెక్క కూడి చూశాను. కట్టింది 14,800. తగ్గింది 5,000 చిల్లర. రోజంతా అప్పుల ఫైళ్ళు చూసే నాకే ఆ కాగితాలు వరసగా పరిచేదాకా తెలియలేదు. ఎందుకంటే ఒక్కో నెల విడిగా చూస్తే అది పెద్ద మొత్తంలా కనిపించదు. మర్నాడే మా ఆవిడ గాజులు మా బ్రాంచీలోనే పెట్టి కట్టేశాను. మీరూ ఈ ఆదివారం ఆ పని చెయ్యండి. పద్నాలుగు స్టేట్‌మెంట్లు ప్రింట్ తీసి నేల మీద పరచండి. మీ ఆవిడని పక్కన కూర్చోబెట్టుకోండి.

వడ్డీ మీద ఏదో ఒక కోర్టు పరిమితి పెడుతుందని ఎదురుచూసేవాళ్ళు కూడా నాకు తగులుతుంటారు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి 30 శాతం మించి తీసుకోకూడదని చెప్పిన మాట నిజమే. కానీ 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు చీటీ సంగతి. 2 లక్షల చీటీ, 40 నెలలు, 16 వాయిదాలు కట్టారు, ఇంకా 24 ఉన్నాయి, పాడుకోలేదు. చివర్లో పిల్లల చదువుకి ఉంటుందని ఆపుకున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఒక చేత్తో నాలుగు రూపాయల వడ్డీకి బాకీ మోస్తూ ఇంకో చేత్తో రూపాయి వడ్డీ కూడా గిట్టని చోట దాచుకోవడం, చిల్లుకుండలో నీళ్ళు పోస్తున్నట్టే. దాచుకున్నది ఉండగా బాకీకి వడ్డీ కట్టకూడదు.

లెక్క చూడండి. ఫోర్‌మన్, అంటే చీటీ నడిపేవాళ్ళ కమీషన్ 5 శాతం అనుకుంటే, ఆఖరి నెల దాకా ఆగితే మీ చేతికి వచ్చేది 1,90,000. ఇప్పుడు కమీషన్‌తో కలిపి 30,000 వదులుకునేలా పాట పాడుకుంటే వచ్చేది 1,70,000. అంటే 24 నెలలు ముందుగా తీసుకున్నందుకు మీరు వదులుకునేది 20,000. ఏడాదికి ఆరు శాతం లోపు, మన భాషలో అర్ధ రూపాయి వడ్డీ కూడా కాదు. పాట ఎక్కువై 60,000 దాకా వెళ్ళినా రూపాయిన్నర వడ్డీ లోపే పడుతుంది. కార్డుతో పోలిస్తే అదీ లాభమే. కాకపోతే బ్యాంకులో బంగారం మీద 10 శాతానికి అప్పు దొరుకుతున్నప్పుడు అంత ఎక్కువకి పాడక్కర్లేదు. నేను మీకు చెప్పే హద్దు 40,000. అక్కడిదాకా పోటీపడండి, దాటితే ఆ నెల వదిలేసి పై నెల చూడండి. పాటలో పక్కవాడి మీద పంతం వద్దు. కాగితం మీద అంకె రాసుకుని జేబులో పెట్టుకుని వెళ్ళండి.

రెండు జాగ్రత్తలు. పాడుకున్నాక ష్యూరిటీలు అడుగుతారు, జీతగాళ్ళే కావాలంటారు, వాళ్ళ జీతం సర్టిఫికెట్లు కావాలంటారు. పాట రోజున వెతుక్కుంటే డబ్బు చేతికి రావడం ఆలస్యమవుతుంది, కాబట్టి మీ ఆఫీసులో ఇద్దర్ని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. వాళ్ళు మీకోసం పూచీ పడుతున్నారు, మిగిలిన 24 వాయిదాల్లో ఒక్కటి తప్పినా వాళ్ళ జీతం దాకా వస్తుంది, అది మనసులో ఉంచుకోండి. రెండోది, చీటీ ఎవరి దగ్గర అనేది మీరు రాయలేదు. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్ట్రార్ అనుమతి తీసుకుని నడిపే కంపెనీ అయితే సరే. అదే వీధిలో ఎవరో నమ్మకం మీద నడుపుతున్న చీటీ అయితే, పాడుకుని బయటపడటానికి అది ఇంకో కారణం. నడిపినవాళ్ళు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతే పాస్‌బుక్కులు పట్టుకుని తాళం ముందు నిలబడ్డ ఆడవాళ్ళని నేను కృష్ణలంకలో కళ్ళారా చూశాను.

చీటీలో 1,70,000 వస్తే ఇంకా 38,000 కావాలి. కార్డు క్లోజ్ చేసే రోజుకి పడే మిగులు వడ్డీ కూడా కలిపి 40,000 అనుకోండి. ఇప్పటి ధరకి దానికి కాసు బంగారం సరిపోతుంది. ఇంట్లో ఉన్నదంతా మూటగట్టుకుని వెళ్ళొద్దు. బ్రాంచీలో రోజూ చూసేవాణ్ణి. అప్రైజర్ గీటురాయి మీద గాజు గీసి, యాసిడ్ చుక్క వేసి, రాళ్ళ బరువు తీసేసి, కాగితం మీద గ్రాములు రాస్తాడు. అది చూడగానే ఎదురుగా కూర్చున్నవాళ్ళు అడిగే మొదటి మాట "దీని మీద ఎంతొస్తుందండీ?" అని. నాకెంత కావాలి అనే లెక్క అక్కడితో మర్చిపోతారు. నలభై వేలకి వచ్చినవాళ్ళు లక్షన్నర తీసుకుని వెళ్ళినవి నాకు తెలుసు. మిగిలిన లక్షా పది వేలు ఎటుపోయిందో ఆరు నెలల తర్వాత వాళ్ళకే తెలియదు.

బంగారం అప్పు బ్యాంకులోనే తీసుకోండి. మధ్యలో ఎప్పుడు వీలైతే అప్పుడు కొంత కొంత కట్టొచ్చా అని ముందే అడగండి. చాలా బంగారం అప్పులు ఏడాది గడువు మీద ఇస్తారు, ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టాలి. మనం మధ్యలో ఏమీ కట్టకుండా కూర్చుంటే, ఆఖరున వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించడం, అలా ఏళ్ళు గడిచిపోవడం జరుగుతుంది. కొన్ని ఫైనాన్స్ కంపెనీల్లో నెల నెలా వడ్డీ కట్టకపోతే రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది, సంతకం పెట్టే ముందు ఆ పట్టిక చదవండి.

చీటీ డబ్బు రావడానికి రెండు నెలలు పట్టేలా ఉంటే? అంతవరకు కార్డు మీద ఉంచొద్దు. 2,08,000కీ బంగారం పెట్టి కార్డులు ముందు తీర్చెయ్యండి, చీటీ డబ్బు రాగానే బంగారం అప్పులో కట్టెయ్యండి. 10 శాతం చొప్పున ఆ అప్పుకి నెల వడ్డీ 1,733. కార్డు మీద 8,590. నెలకి 6,850 తేడా. అయితే బంగారం ఒక్కదాని మీదే ఆధారపడి చీటీని అలాగే ఉంచుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను. మీ లెక్క ప్రకారం నెలకి మిగిలేది 5,500 కాబట్టి, అది తీరడానికి దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. అన్నేళ్ళు ఆవిడ నగలు బ్యాంకు లాకర్‌లో ఉంటాయి.

మీ ఆవిడకి ఈ బాకీ సంగతి పూర్తిగా తెలుసా? "తనకి కొంచెం తెలుసు" అని రాశారు. ఆ కొంచెం అనే మాట నన్ను కాస్త బాధపెట్టింది. బంగారం ఆవిడది. పెట్టాలా వద్దా అనేది ఆవిడ చెప్పాలి. పైగా ఇంటి ఖర్చు నడిపేది ఆవిడే అయినప్పుడు, అసలు సంగతి తెలియకుండా ఆవిడ ఎక్కడ తగ్గిస్తుంది? బ్రాడీపేట నుంచి ఒక లెక్చరర్ దంపతులు నా దగ్గరికి వచ్చారు. మూడు లక్షల బాకీ. ఆయన రెండేళ్ళు దాచాడు. తెలిశాక ఆవిడ ఏడ్చింది అప్పుకి కాదు, దాచినందుకు. ఆ తర్వాత పద్దు పుస్తకం తీసుకున్నది ఆవిడే. పదమూడు నెలల్లో తీర్చేశారు. ఆయన ఒక్కడే అయితే తీర్చేవాడు కాదు, ఆ మాట ఆయనే నాతో అన్నాడు.

మిగతా దారులు ఎందుకు వద్దన్నానో త్వరగా చెప్తాను.

సెటిల్‌మెంట్ అంటే బ్యాంకు కొంత వదులుకుని మిగతాది తీసుకుంటుంది, మీ క్రెడిట్ రిపోర్టులో మాత్రం "సెటిల్డ్" అని పడుతుంది. రేపు ఇంటి లోనుకి వెళ్ళినప్పుడు ముందు అదే చూస్తారు. అసలు ఆదాయమే పోయినవాళ్ళకి, ఆసుపత్రి పాలైనవాళ్ళకి ఆ దారి తప్పదు, అప్పుడు కూడా మాట మీద కాకుండా రాతపూర్వకంగా కాగితం తీసుకున్నాకే డబ్బు కట్టాలి. మీకు ఉద్యోగం ఉంది, చీటీ ఉంది. మీకు ఆ అవసరం లేదు.

పర్సనల్ లోన్ రెండు కార్డులూ పరిమితి దగ్గరికి వచ్చినవాళ్ళకి మంచి రేటుకి ఇవ్వరు. కార్డు బాకీని అదే కార్డు మీద ఈఎంఐగా మార్చుకోవడం చీటీ గానీ బంగారం గానీ లేనివాళ్ళకి పనికొస్తుంది. రేటు సగానికి సగం తగ్గుతుంది, కాకపోతే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్‌టీ కలిపి అడిగి చూసుకోవాలి. ఇంకో చిక్కు ఏమిటంటే కార్డు జేబులోనే ఉంటుంది, ఈఎంఐ కడుతూ పక్కన మళ్ళీ గీకుతారు.

రొటేషన్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. వన్‌టౌన్‌లో అయినా పట్నంబజార్‌లో అయినా కార్డు గీకించుకుని నూటికి రెండో రెండున్నరో తీసుకుని నోట్లు చేతిలో పెట్టేవాళ్ళు ఉంటారు. ఒక కార్డు గడువు రోజున డబ్బు కట్టి, మర్నాడు అదే కార్డు మళ్ళీ గీకడం. సెల్‌ఫోన్ షాపులో పనిచేసే ఒక కుర్రాడు లక్షన్నరని ఇలా మూడేళ్ళు తిప్పాడు. నెలకి రెండున్నర చొప్పున 3,750, ఏడాదికి 45,000, మూడేళ్ళకి 1,35,000 కమీషన్. అసలు లక్షన్నర అలాగే ఉంది. చివరికి లావాదేవీలు అనుమానంగా ఉన్నాయని బ్యాంకు కార్డు ఆపేసింది. ఆ నెల లక్షన్నర ఒకేసారి మీద పడింది. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ పిల్లాడికి రాత్రుళ్ళు నిద్ర లేదు. అలాగే ఆధార్, పాన్ ఫొటో తీసి పెడితే పది నిమిషాల్లో డబ్బు వేస్తామనే లోన్ యాప్‌లు కూడా. మీ ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని మీ వాళ్ళకి ఫోన్లు చేస్తారు. ఇప్పటికే అలాంటిదేదైనా ఉంటే సిగ్గుపడకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

కార్డు మూసే పద్ధతి. స్టేట్‌మెంట్‌లో ఉన్న మొత్తం కట్టేస్తే అయిపోయిందనుకుంటారు, పై నెల ఏడెనిమిది వందలు వడ్డీ వస్తుంది. స్టేట్‌మెంట్ తేదీ నుంచి మీరు కట్టిన రోజు దాకా పడిన వడ్డీ అది. చూసుకోక వదిలేస్తే దాని మీద ఆలస్య రుసుము, సిబిల్‌లో మచ్చ. కాబట్టి ఫోన్ చేసి "ఈ రోజు పూర్తిగా మూసెయ్యాలంటే ఎంత?" అని అడిగి ఆ మొత్తం కట్టండి. ఫోన్ ఈఎంఐ లాంటివి ఏమైనా నడుస్తుంటే అవీ అందులో చేరతాయో లేదో అడగండి. తర్వాత మూసెయ్యమని మెయిల్ పంపండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం బాకీ ఏమీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో కార్డు మూసెయ్యాలి, లేకపోతే రోజుకి 500 చొప్పున మీకే కట్టాలి. ఆ ఒక్క వాక్యం మెయిల్‌లో రాయండి, పని త్వరగా అవుతుంది. ఫిర్యాదుకి 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, 14448కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు చూసుకోండి, ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తారు. అందులో "క్లోజ్డ్" అనే ఉండాలి.

నా సలహా, 1,30,000 కార్డు పాతది అన్నారు కాబట్టి దాన్ని పరిమితి 30,000కి తగ్గించి బీరువాలో పెట్టండి, రెండోది మూసెయ్యండి. రూపే కార్డుని యూపీఐకి కలిపి ఉంటే ఈ రోజే తీసెయ్యండి. 2022 నుంచి ఆ సౌకర్యం వచ్చాక టీ కొట్టు దగ్గర పదిహేను రూపాయలు కూడా అప్పు మీదే స్కాన్ అవుతున్నాయి. జేబులో డబ్బు తరిగితే తెలుస్తుంది, అప్పు పెరిగితే తెలియదు.

ఇక ఇంటి ఖర్చు. మీరు ఇచ్చిన పద్దు చూశాను. అద్దె 11,000, పిల్లల ఫీజులు నెలకి సర్దితే 6,000, చీటీ 5,000, సరుకులూ కూరగాయలూ పాలూ 11,000, కరెంటు గ్యాసు ఫోన్లు 3,500, పెట్రోలు 2,500, పైఖర్చు 1,500. ఇందులో దుబారా ఏమీ నాకు కనిపించలేదు. నలుగురు మనుషుల ఇంటికి ఇది పొదుపైన పద్దే. అద్దె, సరుకుల తర్వాత మీ ఇంట్లో అతి పెద్ద ఖర్చు 10,400 మినిమమ్ డ్యూ. అది పోతే నెలకి 4,900 లోటు ఉన్న ఇల్లు 5,500 మిగులుకి వస్తుంది. ఆ మిగులుతో 40,000 బంగారం అప్పు ఎనిమిది నెలల్లో తీరుతుంది. దీనికి ఇంకో 2,500 కలపగలిగితే ఐదారు నెలల్లో నగ ఇంటికి వస్తుంది. ఇంటి ఖర్చు తగ్గించడం ఆ 2,500 కోసమే. దానికోసం పిల్లల పాలు తగ్గించక్కర్లేదు.

ఎక్కడ దొరుకుతుంది? ఎక్కువ భాగం సరుకుల్లోనే. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌ల మీద నెలకి ఎన్ని ఆర్డర్లు పెట్టారో ఫోన్‌లో చూడండి. ఒక ఇంట్లో చూస్తే నెలకి 31 ఉన్నాయి. కొత్తిమీర కట్ట కోసం ఆర్డర్ పెట్టి, డెలివరీ ఛార్జీ పడకూడదని ఇంకో నూటయాభై రూపాయల చిరుతిండి కలపడం. అదంతా మానేసి నెల మొదట్లో ఒక్కసారి పట్నంబజార్ హోల్‌సేల్ కొట్లకి జాబితా రాసుకుని వెళ్ళండి. కందిపప్పు, మినపగుళ్ళు, నూనె, చింతపండు అక్కడ కేజీ మీద వచ్చే తేడా వీధి కొట్టుతో పోల్చుకుని మీరే రాసుకోండి. బియ్యం 26 కేజీల బస్తా తీసుకోండి. 2022లో 25 కేజీల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్‌టీ పెట్టాక ఆ ఒక్క కేజీ ఎక్కువున్న బస్తాలు వచ్చాయి, దానికి ఆ పన్ను లేదు. కూరగాయలకి వారానికి రెండుసార్లు చుట్టుగుంట రైతుబజార్, బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి, బేరం పని లేదు.

మన గుంటూరు వాళ్ళకి ఒక సౌలభ్యం ఉంది. ఫిబ్రవరి, మార్చిలో మిరప కొత్త పంట దిగినప్పుడు ఏడాదికి సరిపడా కాయలు కొని, తొడిమలు తీసి, డాబా మీద ఎండబెట్టి కారం పట్టించుకుంటాం. పసుపు దుగ్గిరాల నుంచి తెప్పించుకుంటాం. ప్యాకెట్ల కంటే చౌక, రుచికి సాటి లేదు. అయితే ఈ ఒక్క ఏడాదీ ఏడాది సరుకు ఒకేసారి కొనే పని పెట్టుకోవద్దు, మూడు నెలలకి సరిపడా కొనండి. చౌకగా వస్తుందని పది పన్నెండు వేలు ఒకేసారి పెడితే ఆ నెల మళ్ళీ కార్డు బీరువాలోంచి బయటికొస్తుంది. పై ఏడాది కొనుక్కోవచ్చు.

కరెంటు బిల్లులో శ్లాబు చూడండి. ఇప్పుడున్న రేట్ల ప్రకారం మొదటి 125 యూనిట్లకి 417 రూపాయలు పడుతుంది. 225 దాటాక యూనిట్ 8.75, అంటే 225 నుంచి 300 దాకా వాడిన 75 యూనిట్లకే 656. ఎండాకాలం ఏసీ వెయ్యొద్దని గుంటూరులో ఎవరికీ చెప్పలేను, మే నెలలో పిల్లలు పడుకోవాలి కదా. 26లో పెట్టి ఫ్యాన్ వెయ్యండి, పడుకునే గదికి ఒక్కదానికే వాడండి. నెల మధ్యలో మీటర్ చూసుకుంటే 225 దాటకుండా ఆపొచ్చో లేదో తెలుస్తుంది.

మీ ఆవిడ విజయవాడ పుట్టింటికి తరచూ వెళ్తారన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు, బండి మీద నలుగురూ వెళ్ళడం కంటే క్షేమం కూడా. రేషన్ కార్డు ఉంటే దీపం పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తాయి, అర్హత ఉందేమో సచివాలయంలో కనుక్కోండి.

ఫీజుల దగ్గరే మళ్ళీ కార్డు తీస్తారేమోనని నా భయం. జూన్‌లో ఫీజు వస్తుందని జనవరిలోనే తెలుసు. ఆ 6,000 జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్ళిపోయేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. స్కూల్లో ప్రిన్సిపాల్‌ని కలిసి మూడు విడతల్లో కడతామని రాసివ్వండి, అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

సరుకులకీ కూరగాయలకీ ప్రతి ఆదివారం నోట్లు తీసి ఒక డబ్బాలో పెట్టమనండి. మా అమ్మ పోపుల పెట్టె అడుగు అరలో పెట్టేది, ఆవాల వాసన వచ్చే నోట్లు. ఆ వారం అరలో ఎంత ఉందో ఇంట్లో అందరికీ తెలిసేది, పిల్లలమైన మాకు కూడా. అది ఖాళీ అయితే శనివారం పప్పుచారుతో గడిచిపోయేది.

బంగారం ఇంటికొచ్చాక నెలకి మిగిలే ఆ 8,000 ఖర్చులో కలిసిపోనివ్వకండి. అదే తేదీకి రికరింగ్ డిపాజిట్‌లో పడనివ్వండి, 50,000 అయ్యేదాకా ముట్టుకోవద్దు. మీ బాకీ మొదలైంది మీ నాన్నగారి ఆసుపత్రి ఖర్చుతో అన్నారు. మళ్ళీ అలాంటిది వచ్చినప్పుడు చెయ్యి కార్డు మీదకి వెళ్ళకుండా ఆపేది ఆ యాభై వేలే.

పాట ఏ తేదీన ఉందో, చీటీ కంపెనీదో ఇంటిదో, గత మూడు నెలల్లో పాట ఎంతెంతకి పోయిందో రాయండి. పాస్‌బుక్ వెనక పేజీలో ఉంటుంది. ఈ నెల పాడాలా, ఒక నెల ఆగాలా అనేది ఆ అంకెలు చూస్తే చెప్పగలను.